నాలుగో కథకు నీళ్లు

పది నేరాలు, పది కథలు,
వారానికొకటి టీవీల వస్తదట.
రంగులుండయి. నలుపు, తెలుపు, అంతే.
నాకు చెప్పింది మాత్రం ఒక్క ముక్క:
"రోడ్డు తడిగ మెరవాలె భయ్యా,
ఎండిన రోడ్డు మీద నేరం కనవడది."

మే నెల. ట్రూప్ బజార్.
బల్బులమ్మే దుకాణాలన్నీ షట్టర్లు దించుకొని
చీకట్ల పండినయి.
నా ట్యాంకర్ల ఐదు వేల లీటర్లు,
హయత్‌నగర్ బోరు నీళ్లు, కొంచెం ఉప్పగుంటయి.
పైపు వట్టుకొని
పుత్లీబౌలి మూల దాక సడక్కు తానం పోసిన.
గుట్కా మరకలు, గుంతలు, మ్యాన్‌హోల్ మూత,
ఒక్కొక్కటే మెరుసుడు షురూ చేసినయి.
ఒక్క లైటు వెలిగించిండ్రు, అంతే,
రోజూ తిట్టుకుంట తిరిగే సడక్
పెండ్లికి తయారైన దొంగ లెక్కయింది.

కథేందని లైట్ల పర్మేశ్‌ని అడిగిన.
పొత్తుల గడియారాల దుకాణం పెట్టిన ఇద్దరిల
ఒకడు ఇంకొకణ్ణి సంపుతడట.
సంపేటోడు పొడుగు కోటు తొడుక్కొని
కుర్చీల కూసొని చెమట తుడుచుకుంటున్నడు.
అర్ధరాత్రి కూడ
డాంబరు కాళ్లను కాలుస్తనే ఉన్నది.
పది నిమిషాలకోపారి
పోసిన వాననంత సడక్ తాగేస్తుంటే
నేను మళ్ల పోస్తున్న.

మూడో టేకు అయినంక
గల్లీల నుంచి ఒకామె వచ్చింది,
చంకల ఒక నీలి బిందె, చేతిల ఒకటి.
మోరీలకు పారుతున్న నీళ్లను
నిలవడి శానసేపు చూసింది.
"ఎవ్వలు సచ్చిండ్రన్నా, ఇట్ల కడుగుతున్నరు?"

"ఇంక సావలే," అన్న నేను,
"వచ్చే టేకుల సస్తడు."

ఆమె నవ్వలే.
పేరడిగితె బాలమణి అన్నది.
నల్లా రాక నాలుగొద్దులాయె అన్నది.
ఇంకేం అడగలే. బిందె కింద పెట్టింది.

లీటరు లీటరుకు లెక్కున్నది నాకు.
అసిస్టెంటు పిల్లగాడు వాకీటాకీల మొత్తుకుంటున్నడు.
చెయ్యి ఎట్ల తిరిగిందో ఎరుకలేదు,
పైపు బిందెలకు మల్లింది.
ఆ సప్పుడు ఇని
ఆమె ఎనుక ఇంకొకామె, ఆమె ఎనుక బకీట్లు,
ఖాళీ రంగు డబ్బాలు,
ప్రెషర్ కుక్కర్ వట్టుకొని ఒక పోరడు.

ఉన్నది ఒక్కటే లైటు.
దానికి అడ్డంగ వాళ్లందరు నడుస్తుంటే
షట్టర్ల మీద నీడలు రెండంతస్తులు లేసినయి.
తిడుతడనుకున్న కెమెరా ఆయన
మనుషుల దిక్కు చూడనే లేదు.
నీడల దిక్కు చూసి, మెల్లగ,
"ఎవ్వరూ ఆపకుండ్రి," అన్నడు.

కోటు తొడిగినాయన ఆ నీడల పక్కపొంటి నడిసిండు.
ట్యాంకర్ గరగరమన్నది, అయిపోయింది.
సచ్చేటోడు
సగం ఎండిన రోడ్డు మీదనే సచ్చిండు.

తెల్లారి నా పైసలల్ల పన్నెండు వందలు కోసిండ్రు.
కాయితం మీద రాసిండ్రు: వాన తక్కువ.

దసరా ముంగట, బోరు కాడ,
ట్యాంకర్లు లైను కట్టినయి.
ఓనర్ రూములున్న చిన్న టీవీల
నాలుగో కథ నడుస్తున్నది.
కోటాయన మూల తిరిగిండు.
షట్టర్ మీద ఒక నీడ,
చంకల గుండ్రంగ ఏదో వట్టుకొని
ఒంగి, బరువుగ, పోతున్నది.
రెండు సెకన్లు కూడ ఉండదు.

"అగో," అన్నడు డ్రైవర్ మోయిజ్,
"ఆమెనే సంపినట్టున్నది. చూడు,
ఏందో దాసుకొని పోతున్నది."

అందరు అవునన్నరు.
ఒకడైతే తలకాయ అన్నడు.

నా నంబరు వచ్చింది.
లేసిపోయి పైపు తగిలించిన.
ఆ చంకలున్నదేందో నాకెరుక.
కొంచెం ఉప్పగుంటయి.